మంచంపట్టిన పెద్దవాళ్లను చూసుకునే పని రేపు ఎవరు చేస్తారు?

ప్రశ్న: సత్యనారాయణపురం_టీచర్ (విజయవాడ)

అందరికీ నమస్కారం.

మా అత్తగారికి 76 ఏళ్లు. పోయిన ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా ముద్దముద్దగా వస్తుంది. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. కొన్ని రోజులు ఐసీయూలో, తర్వాత రూములో ఉంచారు. మామయ్యగారు రిటైర్డ్ ప్రభుత్వోద్యోగి కాబట్టి బిల్లులో చాలా భాగం ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు మీద గడిచింది. ప్రాణం నిలబెట్టిన డాక్టర్లకు మేమెప్పుడూ రుణపడి ఉంటాం.

డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లతో పాటు "ఫిజియోథెరపీ చేయించాలి, రెండు గంటలకోసారి పక్క మార్చాలి" అని రాశారు. ఇంటికొచ్చాక మాకు అర్థమైంది, అసలు కష్టం ఆ రెండో మాటలో ఉందని.

నేను కంకిపాడు వైపు జెడ్పీ హైస్కూల్లో పనిచేస్తాను. ఉదయం ఎనిమిదింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. మావారిది విద్యుత్ శాఖలో షిఫ్టు డ్యూటీ. ఒక్కతే అమ్మాయి, చెన్నైలో ఉద్యోగం. ఒక బ్యూరో ద్వారా రాత్రీ పగలూ ఉండే ఆయాను పెట్టుకున్నాం. నెలకు 24,000. డైపర్లు, మందులు, ఫిజియో ఫీజు వేరే. ఆయాలు మారుతూనే ఉన్నారు. ఒకామె రాత్రి నిద్ర లేక జ్వరం తెచ్చుకుని వెళ్లిపోయింది. ఇంకొకామె మనిషి మంచిదే గానీ పని తెలియదు. ఇప్పుడున్నామె పెదనందిపాడు వైపు నుంచి వచ్చింది. చేయి నెమ్మది, అత్తగారికీ ఆమె అంటే గురి. కానీ సంక్రాంతి దాటాక మిరపకాయ కోతలకు వెళ్లిపోతానని ఇప్పటినుంచే చెబుతోంది. ఇంటిదగ్గర కూతురి కాన్పు కూడా ఉందట. వద్దని ఎలా అనగలను?

ఇది కాక, మా అమ్మ గుంటూరు పట్టాభిపురంలో ఒక్కతే ఉంటుంది. 72 ఏళ్లు. ఈ మధ్య అడిగిందే అడుగుతోంది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతోంది. తమ్ముడు టెక్సాస్‌లో. హాల్లో కెమెరా పెట్టించాడు, రోజూ పొద్దున్నే మాట్లాడతాడు. నేను ఆదివారం ఆదివారం వెళ్లి వస్తున్నాను.

ఉద్యోగం మానేయమని బంధువులు అంటున్నారు. నేను సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి కోసి జమచేసే పెన్షన్‌లో ఉన్నాను, ఇంకా పన్నెండేళ్ల సర్వీసు ఉంది. మానేస్తే ఇవాళ్టి సంగతి కొంత సర్దుకుంటుందేమో, మరి నా ముసలితనం మాటేమిటి?

నేను అడగదలచుకున్నది ఇదే. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మనకు ఏదైనా ఏర్పాటు ఉందా? ఇన్సూరెన్సో, ప్రభుత్వ పథకమో, డే కేరో, ఏదైనా సరే. లేకపోతే ఇంకో ఇరవై ఏళ్లకు, మా అమ్మాయి ఒక్కతే అటు ఇద్దరినీ ఇటు ఇద్దరినీ చూసుకోవాల్సి వచ్చే రోజుకైనా వస్తుందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

పాలసీ_ఫైలు (గవర్నరుపేట)

మేడమ్ గారూ, నేను ఇన్సూరెన్సు రంగంలో ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మన ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరడం చుట్టూ అల్లుకున్నవి. చేరకముందు కొన్ని రోజులు, వచ్చాక కొన్ని రోజులు మందులు, పరీక్షల ఖర్చు ఇస్తాయి. ఆ తర్వాత మనిషి మంచంలోనే ఉండిపోతే మాత్రం ఏమీ రాదు. ఏ పాలసీ పత్రమైనా తీసి మినహాయింపుల పేజీ చూడండి. ఐదో కోడ్ కింద రెస్ట్ క్యూర్, రిహాబిలిటేషన్, రెస్పైట్ కేర్ అని ఉంటుంది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, లేపి నడిపించడం లాంటి పనులకు మనిషిని పెట్టుకుంటే, అది ఇంట్లో అయినా నర్సింగ్ హోమ్‌లో అయినా, ఆ ఖర్చు ఇవ్వబోమని అందులోనే రాసి ఉంటుంది.

70 నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మంచి పథకం. కానీ అదీ ఆసుపత్రి పడక వరకే. కొత్త పాలసీ తీసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల వయసు పరిమితి 2024 ఏప్రిల్‌లో పోయింది, వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో పోయింది. అవన్నీ సంతోషమే. మీరు నెలనెలా కట్టే 24,000కు మాత్రం వీటిలో దేనిలోనూ చోటు లేదు. మీకు ఆశ పెట్టే మాట చెప్పలేకపోతున్నందుకు ఏమీ అనుకోకండి.

పాతూరి_మనిషి (తెనాలి)

మా నాయనమ్మ మంచంలో ఉంటే మా అమ్మ ఏళ్ల తరబడి చూసుకుంది. ఆయా లేదు, బ్యూరో లేదు. ఇంట్లో కోడలు ఉండగా బయటివాళ్ల చేత పెద్దవాళ్లకు నీళ్లు పోయించడం మన పద్ధతి కాదు. ఉద్యోగం ఎప్పుడైనా చేసుకోవచ్చు, పెద్దవాళ్లు మళ్లీ రారు. పెద్దవాడిగా నా మనసులో మాట చెప్పాను.

రిటైర్డ్_సిస్టర్ (గుంటూరు)

టీచరమ్మా, నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం న్యూరో, మెడికల్ వార్డుల్లోనే పనిచేశాను. ఇప్పుడు బ్రాడీపేట, కొత్తపేట, లక్ష్మీపురంలో తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి మంచంలో ఉన్నవాళ్లను చూసి వస్తుంటాను. ముందు మీ అత్తగారి సంగతి చెప్పి తర్వాత మిగతా విషయానికి వస్తాను.

రోజూ నడుము కింద, తుంటి పక్కన, మడమల మీద చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చాలామంది అక్కడ నూనె రాసి గట్టిగా రుద్దుతారు. అసలు రుద్దకూడదు, లోపల కండ ఇంకా నలుగుతుంది. గుండ్రటి రింగు దిండు కూడా వద్దు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచండి. గాలి పరుపు వేసినా పక్క మార్చడం మానకూడదు. మార్చేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగొద్దు, పడిపోయిన భుజం జారిపోతుంది. నడుము కింద అడ్డంగా ఒక దుప్పటి మడిచి వేసి, ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని జరపాలి.

తినిపించేటప్పుడు కూర్చోబెట్టండి. తిన్నాక అరగంట దాకా వెల్లకిలా పడుకోబెట్టొద్దు. పక్షవాతం వచ్చినవాళ్లకు చిక్కటి జావ కన్నా పల్చటి నీళ్లతోనే ప్రమాదం ఎక్కువ. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా ఒక్కోసారి దగ్గు కూడా రాదు. రెండు రోజులకు జ్వరం వస్తుంది, అది నిమోనియా అవుతుంది. నేను వార్డులో చూసిన పక్షవాతం కేసుల్లో మళ్లీ తిరిగొచ్చినవాళ్లు చాలావరకు ఈ నిమోనియాతోనో, పుండ్లతోనో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తోనో వచ్చినవాళ్లే. ఇంట్లో సరిగ్గా చూసుకుంటే వీటిలో చాలా వాటిని ఆపొచ్చు. ఆసుపత్రికి పెట్టే లక్షల్లో కొంత ఇంటి పడక దగ్గర ఖర్చు పెడితే ఆ లక్షల అవసరమే తగ్గుతుందని ఇన్నేళ్ల డ్యూటీ తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది.

తెనాలి పెద్దాయనకు ఒక మాట. అయ్యా, మీ అమ్మగారికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ రోజుల్లో ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్లో గుర్తు చేసుకోండి. తోడికోడళ్లు, పెళ్లికాని ఆడపడుచులు, పక్కింటివాళ్లు. ఒకరు వంట చేస్తే ఒకరు పక్క మార్చేవాళ్లు. ఇప్పుడు ఫ్లాట్‌లో ఇద్దరే ఉంటున్నారు. ఇంకోటి, అప్పట్లో పెద్ద పక్షవాతం వస్తే మనిషి ఎక్కువ కాలం బతికేవాడు కాదు. ఇప్పుడు ఐసీయూలు బతికిస్తున్నాయి. ఆ తర్వాతి అయిదేళ్లు, పదేళ్లు ఒక్క కోడలి నడుం మీద పెట్టడం న్యాయం కాదు. ఆ నడుములు కూడా నేను చూశాను. ఆర్థోపెడిక్ ఓపీలో కూర్చున్న యాభై ఏళ్ల ఆడవాళ్లను అడిగితే ఎంతమంది అత్తనో, మామనో ఎత్తి దింపినవాళ్లో తెలుస్తుంది.

కాబట్టి టీచరమ్మా, ఉద్యోగం మానకండి. రేపు మీకు ఆయా కావాల్సి వస్తే ఆమె జీతం మీ పెన్షన్‌లోంచే రావాలి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు చూస్తారు అన్నారు. మెషీన్లు, యాప్‌లు, కెమెరాలు వస్తాయి, రానివ్వండి. మీ తమ్ముడి కెమెరా అమ్మ కిందపడితే చూపిస్తుంది, లేపలేదు. లేపేది ఒక మనిషి. ఆ మనిషి ఇవాళ మీ ఇంట్లో ఉన్న పెదనందిపాడు ఆమె. ఆమెను మనం ఎలా చూస్తామన్న దాని మీదే రేపటి మన ముసలితనం ఆధారపడి ఉంది. నేను ఈ చర్చలోకి వచ్చిందే ఈ మాట చెప్పడానికి.

మీరు 24,000 ఇస్తున్నారు. ఆమె చేతికి ఎంత వస్తుందో అడిగారా? నేను అడిగినవాళ్లలో చాలామందికి ఇల్లు ఇచ్చే డబ్బులో మూడొంతుల్లో రెండొంతులకు మించి అందడం లేదు. వారానికో రోజు సెలవు లేదు. రాత్రి రెండు గంటలకోసారి లేవాలి, పగలు కునుకు తీస్తే మాట పడాలి. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పనిలో పెట్టేముందు పని నేర్పినవాళ్లు లేరు. ఫిరంగిపురం దగ్గరి ఒకామె నాకు బాగా తెలుసు. బ్రాడీపేటలో ఒక పెద్దాయన్ని కన్నబిడ్డలా చూసింది. పిల్లలందరూ విదేశాల్లో. ఆయన పోయిన రోజునే ఆమె పనీ పోయింది. దినం అయ్యేదాకా ఉండి అంట్లు తోమి, సంచి సర్దుకుని బస్సెక్కింది. ఆ నెల మిగతా జీతం కోసం బ్యూరో చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఏడవడానికి కూడా ఆమెకు తీరిక ఇవ్వలేదు.

ఆమె ముసలితనం సంగతి చూడండి. అసంఘటిత కార్మికుల కోసం శ్రమయోగి మాన్‌ధన్ ఉంది, 60 దాటాక నెలకు 3,000 వస్తుంది. అందులో చేరాలంటే వయసు 18 నుంచి 40 లోపు ఉండాలి. అటల్ పెన్షన్ కూడా అంతే. ఆయా పనికి వచ్చేది ఎవరు? భర్త పోయాకో, పిల్లల పెళ్లిళ్లు అయ్యాకో నలభై దాటి వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఆ తలుపు ముందే మూసి ఉంది. ఈ ఒక్క వయసు నిబంధన మార్చినా ఎంతోమందికి మేలు జరుగుతుంది.

మన రాష్ట్రంలో పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన పేదవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 15,000 పెన్షన్ ఇస్తున్నారు. మీది ఉద్యోగుల కుటుంబం కాబట్టి మీకు రాదు. కానీ ఆ పథకం విలువ నాకు తెలుసు. నల్లపాడు రోడ్డులో ఒక ఇంట్లో ఆ డబ్బుతోనే తండ్రికి డైపర్లు కొంటున్నారు, కూతురు కూలికి పోకుండా ఇంట్లో ఉండి చూసుకుంటోంది. మంచంలో ఉన్న మనిషికి మందులే కాదు, మనిషి తోడు కూడా కావాలని, దానికి ఖర్చవుతుందని ఆ పెన్షన్‌తో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. అక్కడితో ఆగకూడదు. డబ్బుతో పాటు నర్సు కూడా ఇంటికి రావాలి.

వార్డు సచివాలయంలో ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) ఉంది కదా అంటారు. గర్భిణులు, టీకాలు, సర్వేలు, ఫోన్లో వివరాలు ఎక్కించడం, ఇన్ని పనుల మధ్య ఆమె నెత్తిన ఇంకోటి పెట్టడం పాపం. పెద్దవాళ్ల కోసమే ఒక నర్సు, ఒక ఫిజియో, ఒక బండి ఉండాలి. కేరళలో చూడండి. పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సంరక్షణ, 1993లో కోజికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైంది. 2008లో ఆ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ మీద ఒక విధానమే తెచ్చింది. ఇప్పుడు పంచాయతీలే నర్సును ఇళ్లకు పంపుతున్నాయి. మూత్రం గొట్టం మార్చడం, పుండు కడిగి కట్టు కట్టడం, ఇంటివాళ్లకు నేర్పడం ఆ నర్సు పని. ఊళ్లో వాలంటీర్లు పక్కన ఉంటారు. అదేమీ డబ్బున్న దేశం కాదు, మన దక్షిణాది రాష్ట్రాల్లో ఒకటి.

నగోయా_నుంచి (సొంతూరు మంగళగిరి)

సిస్టర్ గారు రాసింది చదివాక నేనిక్కడ చూస్తున్నది చెప్పాలనిపించింది. నేను జపాన్‌లో ఆటోమొబైల్ కంపెనీలో ఇంజినీరుని. మా ఇంటి యజమానురాలికి 88 ఏళ్లు, కింది అంతస్తులో ఒక్కతే ఉంటుంది.

ఇక్కడ 65 దాటినవాళ్లు జనాభాలో 29 శాతం. 2000 ఏప్రిల్‌లో సంరక్షణ కోసమే ఒక బీమా పెట్టారు. వైద్య బీమా వేరు, ఇది వేరు. 40 ఏళ్లు నిండిన ప్రతివాళ్లూ ప్రీమియం కట్టాలి. నేనూ కడుతున్నాను, జీతంలోంచే కోస్తారు. ఖర్చులో సగం ఈ ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. పెద్దవాళ్లకు అవసరమైనప్పుడు మున్సిపాలిటీ మనిషి ఇంటికి వచ్చి చూస్తాడు. లేవగలరా, తినగలరా, గుర్తుందా అని అడిగి ఏడు స్థాయిల్లో ఏదో ఒకటి నిర్ణయిస్తారు. తర్వాత కేర్ మేనేజర్ అనే ఆమె వారానికి ఏ రోజు ఎవరు రావాలో పట్టిక వేస్తుంది. ఖర్చులో పదో వంతు మనం ఇవ్వాలి, ఆదాయం బాగా ఉన్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలి.

మా యజమానురాలిని వారంలో కొన్ని రోజులు ఒక వ్యాన్ వచ్చి డే సెంటరుకు తీసుకెళ్తుంది. అక్కడే స్నానం, భోజనం, వ్యాయామం. సాయంత్రం దింపుతారు. పక్క వీధిలో మంచం దిగలేని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ఇంటికి ముగ్గురు మనుషులు మడతపెట్టే టబ్బు తెచ్చి, గదిలోనే వేడినీళ్లు నింపి స్నానం చేయించి వెళ్తారు. మొదటిసారి చూసినప్పుడు మా నాన్నమ్మ గుర్తొచ్చింది.

అలాగని ఇక్కడ అంతా తేలిపోలేదు. తల్లిదండ్రులను చూసుకోవడానికి ఉద్యోగం మానేసేవాళ్లు ఇప్పటికీ ఏటా లక్షమంది దాకా ఉంటారు. పనివాళ్లు దొరకడం లేదు. డబ్బు ఉంది, చట్టం ఉంది, చేతులు లేవు. అందుకే బయటి దేశాల నుంచి పిలుస్తున్నారు. మన దేశంతో కూడా 2021 జనవరిలో ఒప్పందం అయింది, అందులో సంరక్షణ పని ఉంది. కాస్త చదువుకుని, పని నేర్చుకుని, జపనీస్ వచ్చిన మన అమ్మాయిలు ఇక్కడ గౌరవమైన జీతానికి ఈ పనే చేస్తున్నారు. ఇదే పనికి విజయవాడలో ఆ గౌరవం ఇవ్వకపోతే, నేర్చుకున్నవాళ్లు మన దగ్గర ఎందుకు ఉంటారు?

ఇంకోటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 ఉండాలి. 2050 కల్లా దేశంలో ప్రతి అయిదుగురిలో ఒకరు 60 దాటినవాళ్లు ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. పిల్లలు ముందే తగ్గిన మన రాష్ట్రానికి ఆ రోజు ఇంకా తొందరగా వస్తుంది. జపాన్ సంపన్న దేశం అయ్యాక ముసలిదైంది. మనకు అంత వ్యవధి లేదు. నలభై దాటిన ఉద్యోగుల దగ్గర నెలకు కొంత తీసుకుని ఇలాంటి నిధి మొదలుపెట్టాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

సత్యనారాయణపురం_టీచర్

అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్ గారూ, మీ పోస్టు మా వారికీ మామయ్యగారికీ చదివి వినిపించాను. నిన్న సాయంత్రం ఆయాను కూర్చోబెట్టి అడిగాను. ఆమె చేతికి 15,000 వస్తోందట. మేమిచ్చేదాంట్లో అంత తేడా ఉందని మాకు తెలియదు. మామయ్యగారు వెంటనే, "ఆదివారం నేను చూసుకుంటాను, ఆ అమ్మాయికి సెలవు ఇవ్వండి" అన్నారు. ఆయనకు 81 ఏళ్లు, ఒక్కరి వల్ల కాదు. ఆదివారం పగలు మా వారూ నేనూ వంతులు వేసుకుంటాం.

మరి మా అమ్మ విషయంలో ఏం చేయమంటారు? గుంటూరులో మతిమరుపు ఉన్నవాళ్లకు జపాన్‌లోలాగా పగటిపూట చూసుకునే చోటు ఉంటే ఎంత బాగుండేదో. విజయవాడ తెచ్చుకుందామంటే ఇల్లు వదిలి రానంటోంది. కోతలకు వెళ్లే ఆయా సంగతి కూడా చెప్పండి.

రిటైర్డ్_సిస్టర్ (గుంటూరు)

మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా.

మీ అమ్మగారికి ముందు బి12, థైరాయిడ్, సోడియం, షుగర్ పరీక్షలు చేయించండి. చెవులు కూడా చూపించండి. వయసు మీద పడిందని వదిలేసిన మతిమరుపులో కొంత వీటి వల్ల వచ్చినదే ఉంటుంది, అది మందులతో సర్దుకుంటుంది. నిద్ర కోసం, అలర్జీ కోసం ఏవైనా మాత్రలు వాడుతుంటే ఆ చీటీ డాక్టరుకు చూపించండి. ఇవన్నీ బాగుండి కూడా మరుపు పెరుగుతుంటే న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లాలి. డిమెన్షియా అని తేలితే భయపడొద్దు. మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా ఉందని పెద్ద సర్వేలోనే తేలింది. గ్యాస్ పొయ్యి బదులు తనంతట తాను ఆగిపోయే ఇండక్షన్ స్టవ్ పెట్టండి. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించండి. బ్యాంకు నామినీ, ఇంటి కాగితాల పనులు ఆవిడకు అన్నీ తెలుస్తున్నప్పుడే, ఆవిడ ఇష్టప్రకారం చేయించండి. తర్వాత ఎవరో వచ్చి సంతకం పెట్టించుకునే పరిస్థితి రాకూడదు. చుట్టాలో, పక్కవాళ్లో అలా ఇబ్బంది పెడితే 14567కు ఫోన్ చేయొచ్చు, పెద్దవాళ్ల కోసం ఉన్న నంబరు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు.

పగటిపూట చోటు గురించి నాకూ అదే కోరిక. పట్టాభిపురం, బృందావన్ గార్డెన్స్, శ్యామలానగర్‌లో పిల్లలు దూరంగా ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కార్పొరేషన్ ఒక కమ్యూనిటీ హాలు పగలు వదిలితే, ఒక నర్సూ ఇద్దరు ముగ్గురు పని నేర్చిన ఆడవాళ్లూ పాతికమందిని చూసుకోగలరు. బడి పిల్లలకు ఆటోలు ఉన్నట్టే వీళ్లకూ ఒక ఆటో పెట్టుకోవచ్చు. మీ అమ్మగారిలాంటివాళ్లు ఇల్లు వదలక్కర్లేదు, రోజంతా ఒంటరిగానూ ఉండక్కర్లేదు. కార్పొరేషన్‌కు ఒక అర్జీ రాస్తున్నాం. మీరు టీచరు కాబట్టి దాన్ని ఒకసారి చూసి సరిదిద్దితే మాకు సాయం. సంతకాలు మేం పోగుచేస్తాం. పిల్లల్ని ఎక్కువ కనండి అని నాయకులు సభల్లో చెబుతున్నారు. ఇవాళ పుట్టిన బిడ్డ చేతికి అందివచ్చేసరికి పాతికేళ్లు పడుతుంది. ఇప్పుడు 72 ఉన్నవాళ్లు అంతకాలం ఆగలేరు.

కోతల ఆయాను ఆపొద్దు. కోతల్లో రోజు కూలీ ఆమెకు ఎక్కువ పడుతుంది, పైగా కూతురి కాన్పు. వెళ్లి రమ్మనండి, తిరిగి వస్తే ఇదే పని ఉంటుందని మాటివ్వండి. వీలైతే ఆ నెలల్లో కొంత జీతం ఇవ్వండి. వెళ్లే ముందు కొత్తగా వచ్చేవాళ్లకు ఆమె చేతనే నాలుగు రోజులు నేర్పించండి. అత్తగారి అలవాట్లు ఆమెకు తెలిసినట్టు బ్యూరోకు తెలియవు. మంచం పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి. ఎప్పుడు పక్క మార్చారు, ఏం తిన్నారు, మూత్రం రంగు, బీపీ, షుగర్ అందులో రాయాలి. ఆమెకు రాయడం రాకపోతే గీతలు పెట్టినా చాలు.

ఇంకొకటి. నేనూ, నాతో రిటైరైన ఇద్దరు సిస్టర్లూ కలిసి బ్రాడీపేటలో ఒక మిత్రురాలి ఇంటి మేడ మీద ఆదివారం మధ్యాహ్నం ఆయాలకు క్లాసు చెబుతున్నాం. పక్క మార్చడం, ముక్కు గొట్టంతో పాలు పట్టడం, పుండు గుర్తించడం, తమ నడుం కాపాడుకోవడం నేర్పుతాం. ఫీజు లేదు. ఆదివారం మీ ఆయా సెలవు రోజు, అది ఆమెది, క్లాసుకు రమ్మని బలవంతం చేయొద్దు. ఆమెకు ఇష్టమైతేనే ఏదో ఒక ఆదివారం పంపండి, ఆ రోజు జీతం కోయకండి, బదులుగా వారంలో ఒక పూట సెలవివ్వండి. విజయవాడ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు తెచ్చుకోమనండి. అడ్రసు మీకు విడిగా మెసేజ్ పెడతాను.